వారం మధ్యలో చేపల వేపుడు: పొడి మసాలా, వేడి పెనం, ముప్పావు గంట

చేపల వేపుడు చెడిపోయేది చాలా వరకు నీళ్ల వల్లే. ముక్క పెనానికి అతుక్కుపోయినా, మసాలా ఊడి నూనెలో తేలినా, తిప్పబోతే విరిగిపోయినా, పైన కరకరలాడకుండా ఉడకబెట్టినట్టు మెత్తగా వచ్చినా, కారణం వెతికితే ముక్క మీదో మసాలాలోనో ఎక్కువ తడి ఉందని తేలుతుంది. అల్లం తెల్లగడ్డ ముద్ద, పెరుగు, నిమ్మరసం వేసి జారుగా కలిపి గంటలకొద్దీ నానబెట్టే పద్ధతి ఆదివారం మూకుడు నిండా నూనె పోసి వేయించే వాళ్లకు సరిపోతుంది. పని ముగించుకుని వచ్చి రాత్రి ఏడున్నరకు పొయ్యి ముట్టించేవాళ్లకు అది కుదరదు. కొద్ది నూనెతో పెనం మీద కాల్చాలంటే ముక్క పొడిగా ఉండాలి, మసాలా కూడా పొడిగా ఉండాలి. కింద చెప్పే కొలతలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ పెట్టుకున్నవే.

తిరుపతి, చిత్తూరు వైపు ఎక్కువ ఇళ్లలో శనివారం నీచు వండరు. సోమ, గురు, శుక్రవారాల్లో కూడా మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ పెరటాసి నెలంతా ముట్టనివాళ్లూ ఉన్నారు. అందువల్ల వారం మధ్యలో చేప అంటే ఎక్కువగా మంగళవారమో బుధవారమో అవుతుంది. ఆ రోజుల్లో ఆదివారం ఉన్నంత రకం, రద్దీ మార్కెట్లో ఉండవు. ముందురోజు మిగిలిన సరుకు కూడా కలిసి ఉండొచ్చు. కాబట్టి ఎంపిక దగ్గర కాస్త జాగ్రత్త కావాలి.

ఏ చేప, ఎలాంటి ముక్క

నలుగురికి 500 నుంచి 600 గ్రాముల ముల్లు తీసిన ముక్కలు చాలు. ఒక్కో ముక్క ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందం, అరచేయంత వెడల్పు ఉంటే పెనం మీద సులువుగా తిరుగుతుంది. సెంటీమీటరు కన్నా పలచన ముక్క, పైన రంగు వచ్చేలోపే లోపల ఎండిపోతుంది. మూడు సెంటీమీటర్లు దాటితే లోపల ఉడికేసరికి పైన మసాలా మాడుతుంది.

ఈ పనికి అన్నిటికన్నా అనువైనది పండుగొప్ప. మాంసం గట్టిగా, తెల్లగా, పొరలుగా ఉంటుంది. నడిముల్లు, పక్కముళ్లు తీసేస్తే ఇక ముల్లు భయం దాదాపు ఉండదు. వంజరం రుచిలో దీనికన్నా ముందుంటుంది గానీ ధర ఎక్కువ. దాన్ని అడ్డంగా చక్రాలుగా కోయించుకోవడమే మంచిది. మధ్యలో ఉండే ముల్లు తినేటప్పుడు తేలిగ్గా వచ్చేస్తుంది. చక్రం మాత్రం ఒకటిన్నర సెంటీమీటరు దాటకూడదు. కొర్రమీను గట్టి చేప, సన్నముళ్లు తక్కువ, వేపుడుకు బాగా నిలుస్తుంది. జిలేబీ చేప చవక, ముక్క పలచన, త్వరగా అయిపోతుంది.

రోహు, కట్ల అని అడిగి కొనే శీలావతి, బొచ్చె మాత్రం ఈ పద్ధతికి తీసుకోవద్దు. నడిముల్లు తీయించినా మాంసం మధ్యలో రెండుగా చీలిన సన్నముళ్లు వరసగా మిగిలే ఉంటాయి. ముల్లు లేదనుకుని పిల్లలకు పెడితే గొంతులో గుచ్చుకుంటుంది. ఆ చేపలకు పులుసే సరైన చోటు.

తిరుపతికి సముద్రపు చేప నెల్లూరు తీరం నుంచీ చెన్నై వైపు నుంచీ వస్తుంది. రెండూ సుమారు 130, 140 కిలోమీటర్ల దూరం. కాబట్టి ఐసులో ఉన్న చేపను చూసి నిల్వ సరుకని తీసిపారేయొద్దు, ఐసు లేకుండా బల్ల మీద పెట్టిన చేపనే అనుమానించాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి, కళ్లు ఉబ్బి తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పైకి లేవాలి. ముందే కోసి పెట్టిన ముక్క అయితే అంచులు పసుపో గోధుమో రంగుకు తిరగకూడదు, పొరలు విడిపోయి ఉండకూడదు, పళ్లెంలో నీళ్లు ఊరి ఉండకూడదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలల్లో వంజరం దొరికినా దూరం నుంచి వచ్చిందో, ఎక్కువ రోజులు ఐసులో ఉన్నదో కావొచ్చు, పైగా ధర మండుతుంది. అప్పుడు చెరువుల్లో పెంచిన పండుగొప్ప, కొర్రమీను, జిలేబీ కొనడం తెలివైన పని. పైగా అవి మే నెల ఎండలు. మార్కెట్ నుంచి ఇల్లు అరగంట దూరమైనా స్టీలు డబ్బాలో గుప్పెడు ఐసు వేయించుకుని తెచ్చుకోండి. కానాగంత, సూర లాంటి చేపలు వేడిలో ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. అది వండినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. నాలుక మీద మిరియం నమిలినట్టు చురుక్కుమంటే ఆ ముక్క పారేయాలి.

కోయించేటప్పుడు ఇలా అడగండి: "నడిముల్లు తీసి రెండు పక్కలు వేరుచెయ్యి, పొలుసు తీసెయ్యి, తోలు ఉంచు, తల, ముల్లు విడిగా కట్టు." తోలు ఉంటే తిప్పేటప్పుడు ముక్క విరగదు. కిలో పండుగొప్పలో ముల్లు లేని మాంసం సగం కన్నా తక్కువే వస్తుంది. అందుకే తల, నడిముల్లు అక్కడ వదిలేసి రావొద్దు. మామిడికాయ వేసి మరునాటి పులుసుకు అవే ప్రాణం.

గడ్డకట్టిన బాసా చేప ముక్కలు తెచ్చుకుంటే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. ప్యాకెట్ గాలి తీసి మూసినదైతే మూతి కత్తిరించి గిన్నెలో పెట్టాలి. మరిచిపోతే గాలి చొరబడని కవర్లో చుట్టి చల్లటి నీళ్లలో ముంచి, పావుగంటకోసారి నీళ్లు మార్చితే ముప్పావు గంటలో కరుగుతుంది. వేడినీళ్లలో వేస్తే పైపొర ఉడికి లోపల ఐసు అలాగే ఉంటుంది. బాసా ప్యాకెట్ బరువులో కొంత పైన పూసిన ఐసు ఉంటుంది, అందుకని నలుగురికి 700 గ్రాములు తీసుకోండి.

పొడి ముందే చేసిపెట్టుకోవాలి

వేపుడు పెనం మీద ఉండేది ఆరు నుంచి ఎనిమిది నిమిషాలే. ఆ కాస్త సమయంలో పచ్చి ధనియాల పొడి, పచ్చి జీలకర్ర పొడి వేగవు. తిన్నప్పుడు నాలుకకు పచ్చివాసన తగులుతుంది. దాన్ని పోగొట్టాలని ఇంకాసేపు ఉంచితే చేప ఎండిపోతుంది. ఈ చిక్కు పెనం మీద తీరదు, ముందే తీర్చుకోవాలి. మసాలా దినుసులను విడిగా వేయించి పొడి కొట్టి ఉంచుకుంటే పెనం మీద చేప ఉడికితే చాలు, మసాలా ఎప్పుడో వేగి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం పదిహేను నిమిషాల పని.

కొలతలు నాలుగు సార్లకు సరిపోతాయి. చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లది. ధనియాలు 4 పెద్ద చెంచాలు, ఎండుమిరపకాయలు 15, మిరియాలు 1 పెద్ద చెంచా, జీలకర్ర 1 పెద్ద చెంచా, సోంపు 2 చిన్న చెంచాలు, మెంతులు పావు చిన్న చెంచా, కరేపాకు రెండు రెమ్మలు.

అన్నీ ఒకేసారి వేయించకండి. ఒక్కోదానికి ఒక్కో సమయం పడుతుంది. మందపాటి మూకుడు సన్నమంట మీద పెట్టి, నూనె లేకుండా, మొదట ధనియాలు వేసి నాలుగు నిమిషాలు కలుపుతూ వేయించండి. వాసన వచ్చి, రంగు ఒక్క ఛాయ ముదిరితే తీసేయాలి. తరవాత మిరపకాయలు రెండు నిమిషాలు. అవి ఉబ్బి పెళుసెక్కాలే గానీ నల్లబడకూడదు. కరేపాకు చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఉంచాలి, తడి మిగిలితే పొడి వారంలో బూజు పడుతుంది. మిరియాలు, జీలకర్ర, సోంపు, మెంతులు కలిపి చివర్న ఒక నిమిషం చాలు. మెంతులు ఎర్రబడ్డాయంటే ఆగిపోవాలి. అవి మాడితే మొత్తం పొడి చేదెక్కుతుంది, దానికి మందు లేదు.

పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. సన్నని రవ్వలా, కాస్త పలుకుగా ఉండాలి. మెత్తటి పిండిలా చేస్తే నూనెలో తొందరగా మాడుతుంది, నోట్లో కూడా ఏమీ తగలదు. ఉప్పు ఇందులో కలపొద్దు, తేమ లాగుతుంది. గాజు సీసాలో, పొయ్యికి దూరంగా పెడితే నెల రోజులు వాసన నిలుస్తుంది. సోంపు ఇష్టం లేని ఇళ్లు మానేయొచ్చు. చిత్తూరు వైపు, అరవనాడు ఆనుకుని ఉన్న ఊళ్లలో అది లేని చేపల వేపుడు మాత్రం ఒప్పుకోరు.

ఆ రాత్రి చేయాల్సింది

ఏడున్నరకు బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించి, రసానికి చింతపండు నానేయండి. ఆ వెంటనే చేప ముందుకు రావాలి.

మొదటి పని కడగడం. ముక్కలను పారే చల్లటి నీళ్లలో ఒక్కసారి కడిగి తీసేయండి, గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టొద్దు. చెరువు చేపకు మట్టివాసన ఉంటే పలచటి చింతపండు నీళ్లలో రెండు నిమిషాలు తిప్పి కడిగేయాలి. ఆ వాసన నీళ్లలోని నాచు, సూక్ష్మజీవుల వల్ల పట్టేది, పులుపు తగిలితే తగ్గుతుంది. మార్కెట్లో బాగు చేయించిన ముక్కైనా ఒకసారి వేలితో తల వైపు నుంచి తోక వైపుకు, మళ్లీ వెనక్కి నిమిరి చూడండి. ముల్లు మిగిలితే వేలికి గీసుకుంటుంది. పటకారుతో పట్టి ముల్లు వాలిన దిశలోనే లాగాలి. ఎదురు లాగితే మాంసం చీలుతుంది.

రెండోది ఉప్పు, ఆరబెట్టడం. ఈ వంటకు గుండెకాయ ఇదే, తొందరలో దాటేయొద్దు. అర కిలోకు ఒక చిన్న చెంచా మెత్తటి ఉప్పు, పావు చిన్న చెంచా పసుపు రెండు వైపులా చల్లి, ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పళ్లెంలో పరిచి పది నిమిషాలు వదిలేయండి. ఉప్పు లోపలి నీటిని పైకి లాగుతుంది. పళ్లెంలో ఊరినవి వంచేసి, శుభ్రమైన నూలుగుడ్డతోనో కాగితంతోనో రెండు పక్కలా అద్దండి. రుద్దితే మాంసం లేస్తుంది, కాబట్టి అద్దడమే. ఇప్పుడు ముట్టుకుంటే ముక్క కాస్త జిగురుగా తగులుతుంది. ఉప్పు వల్ల పైపొర మాంసకృత్తులు కొద్దిగా కరిగి వచ్చిన జిగురు అది. మసాలా అంటి నిలిచేది దానికే. బాసా అయితే పది నిమిషాలకు బదులు పదిహేను ఉంచి, రెండుసార్లు అద్దాలి.

ఆ పది నిమిషాల్లో మసాలా కలపండి. చేసిపెట్టిన పొడి 2 పెద్ద చెంచాలు, రంగు కోసం కశ్మీరీ మిరప్పొడి 1 చిన్న చెంచా, బియ్యప్పిండి 1 పెద్ద చెంచా, ఉప్పు పావు చిన్న చెంచా, చెనిక్కాయ (వేరుశెనగ) నూనె 2 పెద్ద చెంచాలు, నిమ్మరసం 1 చిన్న చెంచా. ఆవకాయకు పిండి కలిపినట్టు ఉండాలి, చేత్తో నొక్కితే ముద్దగా నిలవాలి, జారకూడదు. కారం బాగా తినేవాళ్లు మామూలు మిరప్పొడి మరో అర చెంచా వేసుకోవచ్చు. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. మిరప రంగు, మసాలా వాసన నూనెలోనే బాగా కరుగుతాయి. బియ్యప్పిండి పైపొరను కరకరలాడిస్తుంది, ముక్కలోంచి వచ్చే చివరి తడిని పీల్చేస్తుంది. శెనగపిండి వేస్తే పొర మందమై బజ్జీ రుచి వస్తుంది. మొక్కజొన్న పిండి పరవాలేదు గానీ చల్లారితే తొందరగా మెత్తబడుతుంది.

ఇందులో అల్లం తెల్లగడ్డ ముద్ద లేకపోవడం మరిచిపోయి కాదు. ఆ ముద్దలో సగానికి పైగా నీళ్లే. పెనం మీద మొదట మాడేదీ, అడుగున అంటేదీ అదే. పైగా పచ్చి అల్లంలో మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉంది. మటన్‌కు అది మేలు, చేపకు కీడు. తెల్లగడ్డ రుచి వేరే దారిలో, చివర్న వస్తుంది.

మసాలాను ముక్క రెండు వైపులా, అంచులకూ పలచగా రుద్దండి. వేలితో కొద్దిగా ఒత్తాలి. మసాలా కింద ముక్క రంగు లీలగా కనిపించేంత పలచన చాలు. మందంగా మెత్తితే లోపలి పొర వేగదు, తిప్పినప్పుడు పెచ్చులుగా ఊడుతుంది. పది నిమిషాలు అలా వదిలేయండి, అరగంట దాటనీయొద్దు. నిమ్మ పులుపు ఎక్కువసేపు తగిలితే పైమాంసం తెల్లబడి, పిండి పిండిగా తయారవుతుంది. ఉదయమే పట్టించి వెళ్లాలనుకుంటే నిమ్మరసం మానేసి, డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయట పెట్టి వెళ్లకూడదు, తిరుపతి వేడికి అసలే వద్దు.

పెనం దగ్గర

ఇనుప పెనం గానీ అడుగు మందంగా ఉన్న నాన్‌స్టిక్ గానీ మంచిది. దోసెల పెనాన్ని మాత్రం ఇటు తేవద్దు. ఇనుము మీద పట్టిన నూనెపొర చేప వాసనను పట్టుకుంటుంది, మరునాటి దోసె చెబుతుంది. చేపకు వేరే పెనం పెట్టుకోండి. పలచటి అల్యూమినియం పెనంలో మధ్యలో మాడి అంచుల్లో పచ్చిగా ఉండిపోతుంది.

ఇనుప పెనం మధ్యస్థ మంట మీద మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాల్చకూడదు, నూనె వేసి ఒక నిమిషం చాలు. చెనిక్కాయ నూనె 2 పెద్ద చెంచాలు వేసి పెనమంతా తిప్పండి. నూనె మెరుస్తూ పలచబడాలి, పొగలు రాకూడదు. గానుగ నూనె రిఫైండు నూనె కన్నా ముందే పొగ వదులుతుంది, దానికి మంట ఒక మెట్టు తక్కువ. వేడి సరిపోయిందో లేదో కరేపాకు ఒకటి వేసి చూడండి. వెంటనే చిటపటమంటూ నాలుగైదు సెకన్లకు ముదురు పచ్చగా తిరిగితే సమయం వచ్చినట్టు. నల్లబడితే మంట ఎక్కువ.

ముక్కను తోలు వైపు కిందికి, మీకు ఎదురుగా దూరంగా వాల్చుతూ పెట్టండి, నూనె చిందితే అటువైపు పోతుంది. పెట్టిన వెంటనే అట్లకాడతో పది సెకన్లు మెల్లగా అదిమితే తోలు ముడుచుకోదు. ముక్కకు ముక్కకు వేలి సందు ఉండాలి. పది అంగుళాల పెనం మీద నాలుగు ముక్కలు మించొద్దు. కిక్కిరిసి పెడితే పెనం చల్లబడి, ఊరిన నీరు ఆవిరై పోలేక అక్కడే ఉండిపోతుంది, ముక్క వేగడం మాని ఉడుకుతుంది.

ఇక మూడు నిమిషాలు చెయ్యి పెట్టకూడదు. అరనిమిషం తరవాత మంట కాస్త తగ్గించి, పక్క నుంచి చూస్తూ ఉండండి. ముక్క అంచు కింది నుంచి తెల్లబడుతూ పైకి వస్తుంది. ఎత్తులో మూడింట రెండు వంతులు తెల్లబడ్డాక పలచటి అట్లకాడ కిందికి దూర్చి చూడండి. పొర గట్టిపడితే ముక్క దానంతటదే వదులుతుంది. పట్టుకుని ఉందంటే ఇంకా వేగలేదని, మరో అరనిమిషం ఆగండి. అతుక్కుందని గీకితే మసాలా పెనానికి, ముక్క పళ్లేనికి పోతాయి.

ఒక్కసారే తిప్పాలి. రెండో వైపు రెండు మూడు నిమిషాలు. మొత్తం మీద సెంటీమీటరు మందానికి నాలుగు నిమిషాల లెక్క పెట్టుకోండి: ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కకు ఆరు నిమిషాలు, రెండు సెంటీమీటర్లకు ఎనిమిది, అందులో మొదటి వైపుకే ఎక్కువ వాటా. మందపాటి చోట కత్తిమొన గుచ్చి మెల్లగా తిప్పితే మాంసం పొరలుగా విడిపోవాలి, లోపల అద్దంలా పారదర్శకంగా ఉండకూడదు. వంటింటి థర్మామీటరు ఉంటే మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్. అక్కడి నుంచి పది డిగ్రీలు దాటితే పండుగొప్ప కూడా పీచుగా తగులుతుంది.

వేగిన ముక్కలను పళ్లెంలో కాగితం మీద పెట్టకండి, కింది వైపు ఆవిరికి తడిసి అంతసేపు తెచ్చిన కరకర పోతుంది. చిల్లుల జాలీ మీదో బోర్లించిన జల్లెడ మీదో రెండు నిమిషాలు ఉంచండి.

రెండో వాయికి ముందు పెనాన్ని కాగితంతో తుడిచి, నూనె కొత్తగా వేయాలి. మొదటి వాయిలో రాలిన మసాలా నల్లబడి ఉంటుంది. అదే నూనెలో వేస్తే రెండో వాయి మొత్తం చేదు. అన్నీ అయ్యాక మంట తగ్గించి, తుడిచిన పెనంలో ఒక పెద్ద చెంచా నూనె, పొట్టుతోనే చితక్కొట్టిన తెల్లగడ్డ రేకలు ఆరు, రెండు రెమ్మల కరేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు రెండు వేయండి. తెల్లగడ్డ అంచులు బంగారు రంగుకు రాగానే నూనెతో సహా ముక్కల మీద పోసేయాలి. ముద్దలో లేని తెల్లగడ్డ ఇప్పుడు కావలసినంత తెలుస్తుంది.

తేడా వస్తే

పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది, లేదా ముక్క ఫ్రిజ్‌లోంచి తీసిన చలితోనే పెనం మీదికి వెళ్లింది. అప్పటికి ఒక దారుంది: మంట బాగా తగ్గించి, మూత ఓరగా పెట్టి రెండు నిమిషాలు మగ్గనిస్తే లోపల ఉడుకుతుంది, కరకర కొంత పోతుంది. నిండా మూత పెడితే మాత్రం ఆవిరికి మసాలా జారిపోతుంది.

మసాలా ఊడిందంటే ఆరబెట్టడంలో లోపం, లేదా పొర మందమైంది. ముక్క విరిగిందంటే ముందే తిప్పారు, లేదా చేప తాజాగా లేదు. నిల్వ ఉన్న చేప ఎంత జాగ్రత్తగా తిప్పినా పొరలుగా విడిపోతుంది. ముక్క మీద పాలలాంటి తెల్లటి నురగ ఊరితే వేడి ఎక్కువసేపు తగిలిందని అర్థం, దాన్ని తుడిచి వెంటనే దించండి. బాసా నుంచి నీరు కారుతూనే ఉంటే మంట పెంచి, ఒకసారికి రెండు ముక్కలే వేయండి, బియ్యప్పిండి మరో అర చెంచా పెంచండి.

పిల్లలకు మిరప్పొడి లేకుండా, ఉప్పు, పసుపు, చిటికెడు మిరియాల పొడి, బియ్యప్పిండి, నూనె రుద్దిన ముక్కను మొదటి వాయిలో ముందే కాల్చి తీసేయండి. కారం ముక్కల తరవాత అదే నూనెలో వేస్తే లాభం లేదు.

ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్లు 200 డిగ్రీలకు ముందే వేడెక్కించి, ముక్క రెండు వైపులా నూనె రాసి, రెండు సెంటీమీటర్ల ముక్కకు ఎనిమిది తొమ్మిది నిమిషాలు పెట్టొచ్చు. రుచి బాగానే ఉంటుంది, పెనం మీద వచ్చే అంచుల కరకర మాత్రం రాదు.

పళ్లెంలోకి

ఎనిమిదింబావుకల్లా చేప, అన్నం, రసం మూడూ సిద్ధంగా ఉంటాయి. చేపకు ఉప్పు పట్టే పది నిమిషాల్లో రసం పోపు, మసాలా పట్టే పది నిమిషాల్లో రసం మరగడం సరిపోతాయి. వేపుడు కారానికి మిరియాల రసం కలిపిన వేడి అన్నం బాగా పడుతుంది. సంగటి కావాలంటే వేపుడు పొడిగా ఉంటుంది కాబట్టి పక్కన పచ్చిపులుసో, ఊరబిండి అనే పచ్చడో తప్పకుండా ఉండాలి. సన్నగా తరిగిన ఎర్రగడ్డ మీద ఉప్పు, నిమ్మరసం పిండి ఇవ్వండి. ముక్క మీద నిమ్మకాయ ఎవరి పళ్లెంలో వాళ్లు పిండుకోవాలి. ముందే పిండితే పైపొర మెత్తబడుతుంది.

మిగిలిన ముక్కలను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మరునాడే ముగించాలి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే ముక్క రబ్బరులా అవుతుంది, ఇల్లంతా వాసన. పెనం మీద సన్నమంటన, నూనె లేకుండా, వైపుకు ఒక నిమిషం చాలు. అంతకన్నా మంచి దారి, ముక్కలను వేళ్లతో చిదిపి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరప, కరేపాకు వేగాక అందులో వేసి మూడు నిమిషాలు పొడిపొడిగా తిప్పడం. చపాతీలోకైనా రసమన్నంలోకైనా సరిపోతుంది. మధ్యాహ్నానికి డబ్బాలో పెట్టుకోవచ్చు. కొండమీదికి వెళ్లే పని ఉన్న రోజు మాత్రం ఆ డబ్బా ఇంట్లోనే ఉంచండి. తిరుమలకు మాంసం, చేప తీసుకెళ్లకూడదు, అలిపిరి దగ్గరే సామాను తనిఖీ చేస్తారు.

ఇనుప పెనాన్ని వేడి తగ్గకముందే గరుకు ఉప్పుతో తోమి, వేడినీళ్లతో కడిగి, మంట మీద ఆరబెట్టి నూనె రాయండి. చింతపండు, నిమ్మతొక్క వాసన పోగొడతాయి గానీ ఇనుము మీది నూనెపొరను కూడా తినేస్తాయి. వాటిని పళ్లేలకు, గిన్నెలకు, కోసిన పీటకు వాడుకోండి. ముళ్లు, తోలు కాగితంలో చుట్టి ఆ రాత్రే బయట పెట్టేయండి.